మూలుగ మార్పిడి చరిత్రలో జమాఖర్చులు

మా తమ్ముడి పెద్దకర్మ రోజున, భోజనాలయ్యాక, వరసకు బాబాయి అయ్యే పెద్దాయన నన్ను అరుగు మీదకు పిలిచి, "ఏరా, చివరికి నీ సైన్సు ఏం చేసింది?" అని అడిగారు. ఎగతాళిగా అడగలేదు. ఆయనకు మా తమ్ముడంటే ప్రాణం. జాతకాలు వద్దు, శాంతులు వద్దు అని ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో వాదించినవాణ్ణి నేనే కనక ఆ ప్రశ్న నాకు రావడం న్యాయమే. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ల తర్వాత చెప్పే ప్రయత్నం ఇది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి రక్షణ ఖాతాల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఎవరైనా జమ వైపు చూపిస్తే, ఖర్చు వైపు ఏముందో చూపించమనడం. ఈ వ్యాసంలో కూడా అదే చేస్తాను. అయితే ఆ విద్యను నేను సొంత ఇంట్లో ఒకసారి మరిచిపోయాను. అది కూడా చెబుతాను.

తమ్ముడు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. 2015లో మెడ మీద గడ్డలు కనిపించాయి. ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా అన్నారు. మన తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం ఉంది. ఒంట్లోకి వచ్చిన క్రిములను గుర్తుపట్టి ఎదుర్కొనేవి అవే. ఆ కణాలకే కేన్సర్ వస్తే దాన్ని లింఫోమా అంటారు. ఇందులో పదుల కొద్దీ రకాలున్నాయి. కొన్ని మందులకు పూర్తిగా లొంగుతాయి. వాడికి వచ్చింది టి కణాల రకం, మొండిది. కీమోథెరపీతో తగ్గి ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చింది. అప్పుడు దాత మూలకణాల మార్పిడి ఒక్కటే దారి అన్నారు.

దాతగా సరిపోవాలంటే హెచ్.ఎల్.ఏ. అనే గుర్తులు కలవాలి. వీటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఉంటాయి. తల్లినుంచి ఒక వరస, తండ్రినుంచి ఒక వరస వస్తాయి కనక, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మేం ఇద్దరం, నేనూ మా అక్కయ్యా. ఇద్దరిలో కనీసం ఒక్కరికి కలిసే అవకాశం పదహారింట ఏడు, అంటే సుమారు 44 శాతం. నాది కలిసింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే నక్షత్రం కాబట్టి కలిసిందని బంధువులొకరు తేల్చేశారు. అక్కయ్యదీ అదే నక్షత్రమని, ఆవిడది కలవలేదని నేను గుర్తుచేశాను. అక్కడితో ఆ చర్చ ఆగింది.

ఆ రోజు పొద్దున డాక్టరు ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీశారు. ఎడమ పక్కన, ఈ మార్పిడి చేయకపోతే జబ్బు తిరిగి వచ్చే ప్రమాదం. కుడి పక్కన, ఈ మార్పిడి వల్లనే మనిషి పోయే ప్రమాదం. రెండూ పెద్దవేనని, దాచకుండా చెప్పారు. నేనూ, మరదలూ, తమ్ముడూ విన్నాం. సాయంత్రం తమ్ముడి కూతురు, అప్పుడు డిగ్రీ చదువుతోంది, ఫోను చేసి "పెదనాన్నా, నాన్నకు తగ్గిపోతుందా?" అని అడిగింది. "నా కణాలు నూటికి నూరు కలిశాయమ్మా, ఇక భయం లేదు" అన్నాను. జీవితమంతా కుడి పక్క గడి చూడమని ఊరందరికీ చెప్పినవాణ్ణి, ఆ పిల్లకు ఎడమ గడి ఒక్కటే చదివి వినిపించాను.

ఆ రెండు గడులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ చికిత్స చరిత్ర అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మూలుగ అంటే ఎముకల లోపలి మెత్తటి పదార్థం. రక్తంలోని కణాలన్నీ పుట్టేది అక్కడే. 1945లో హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు పడ్డాక, పేలుడుకు బతికినవారిలో చాలామంది కొద్ది వారాల్లోనే రక్తస్రావంతో, అంటురోగాలతో పోయారు. రేడియేషన్ వాళ్ల మూలుగను చంపేసిందని అర్థమైంది. అణుయుద్ధ భయమే ఈ పరిశోధనకు మొదటి పెట్టుబడి. 1949లో షికాగోలో లియోన్ జాకబ్‌సన్, ఎలుకల ప్లీహానికి సీసం అడ్డుపెట్టి రేడియేషన్ ఇస్తే అవి బతుకుతున్నాయని చూపించాడు. 1951లో లోరెంజ్ బృందం, మూలుగ ఎక్కించినా ప్రాణం నిలుస్తుందని చూపించింది. కాపాడేది ఏదో రసాయనమా, కణాలా అన్న వాదం కొన్నేళ్లు నడిచింది. 1956లో ఇంగ్లండులోని హార్వెల్ శాస్త్రజ్ఞులు, దాత ఎలుక కణాల్లో గుర్తుపట్టగల ఒక క్రోమోజోము తేడాను వాడుకుని, బతికిన ఎలుకలో పెరుగుతున్నవి దాత కణాలేనని రుజువుచేశారు. అదే ఏడాది అక్కడి బార్న్స్, లౌటిట్ మరో ముఖ్యమైన సూచన చేశారు. దాత మూలుగ, పోయినదాన్ని భర్తీ చేయడమే కాక మిగిలిన కేన్సర్ కణాల మీద దాడి కూడా చేయవచ్చని.

తర్వాత మనుషుల వంతు. 1957లో అమెరికాలో డొనాల్ థామస్ ఆరుగురు రోగులకు మూలుగ ఎక్కించిన వివరాలు ప్రచురించాడు. ఆరుగురిలో ఎవరూ వంద రోజులు దాటలేదు. 1958 అక్టోబరులో యుగోస్లావియాలోని వించా అణుకేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురు రేడియేషన్‌కు గురయ్యారు. పారిస్‌లో జార్జ్ మాతే వారిలో అయిదుగురికి దాతల మూలుగ ఎక్కించాడు. నలుగురు బతికారు. పత్రికలకు అది అద్భుతం. కానీ ఆ మూలుగ వల్లే బతికారా, వాళ్ల సొంత మూలుగే కోలుకుందా అన్నది తేలలేదు. దేవుడి మొక్కుకైనా మూలుగకైనా ప్రశ్న ఒకటే. అది చేయకపోతే ఏమయ్యేది?

1960ల చివరికి చాలామంది ఈ పని వదిలేశారు. ఆ దశలో ఒక మనిషి చేసిన పని నాలాంటి లెక్కలవాడికి చాలా గొప్పగా కనబడుతుంది. అమెరికాలోని మిల్వాకీలో మోర్టిమర్ బోర్టిన్ అనే డాక్టరు, అప్పటివరకు ప్రపంచంలో జరిగిన మూలుగ మార్పిడుల వివరాలన్నీ ఒకచోట చేర్చి 1970లో ప్రచురించాడు. మొత్తం 203 మంది. అప్పటికే చనిపోయినవారు 152 మంది. దాత మూలుగ నిజంగా నిలిచి బతికి ఉన్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇలాంటి పట్టికను ఏ స్వామీజీ ఆశ్రమమైనా వేసిందా? మా దగ్గరికి వచ్చినవారు ఇంతమంది, నయమైనవారు ఇంతమంది, పోయినవారు ఇంతమంది అని? నేను చూడలేదు. బోర్టిన్ అక్కడితో ఆగలేదు. మరికొందరితో కలిసి 1972లో అంతర్జాతీయ మూలుగ మార్పిడి రిజిస్ట్రీ మొదలుపెట్టాడు. ఎవరు ఎక్కడ చేసినా, ఫలితం మంచిదైనా చెడ్డదైనా, వరసగా నమోదు చేయాలన్నది దాని సూత్రం. మా శాఖ భాషలో చెప్పాలంటే, వోచరు లేని ఎంట్రీ లేదు.

ఇంకోవైపు థామస్ తన వైఫల్యాలు తలకెక్కించుకుని కుక్కల మీద ప్రయోగాలకు తిరిగి వెళ్లాడు. ప్రయోగశాల పనిలో తర్ఫీదు పొందిన ఆయన భార్య డాటీ, రాతకోతలూ కార్యాలయ నిర్వహణా చూసింది. ఈలోగా ఫ్రాన్స్‌లో జాన్ డోసే 1958లో తొలి హెచ్.ఎల్.ఏ. గుర్తును వర్ణించాడు. దాత కలవడం అంటే ఏమిటో అక్కణ్ణుంచి స్పష్టమవుతూ వచ్చింది. 1968లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ బృందం, రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పసివాడికి అక్క మూలుగ ఎక్కించి బతికించింది. 1977లో థామస్ బృందం, వేరే దారి లేని ముదిరిన లుకేమియా రోగులు వంద మంది ఫలితాలు ప్రచురించింది. ఏడాది నుంచి నాలుగున్నరేళ్ల దాకా జబ్బు లేకుండా బతికి ఉన్నవారు 13 మంది. మిగిలిన 87 మందీ అదే పత్రంలో ఉన్నారు. ఆ పదమూడుకు విలువ రావడానికి కారణం ఆ ఎనభై ఏడే. థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

రిజిస్ట్రీ ఫలం కూడా అదే ఏడాది చేతికొచ్చింది. లుకేమియాకు మార్పిడి చేయించుకున్న 2,254 మంది రికార్డులను విశ్లేషించి, మేరీ హొరొవిట్జ్ బృందం 1990లో ఒక పత్రం ప్రచురించింది. దాత కణాలు రోగి శరీరం మీద కొంత దాడి చేసినవారిలో జబ్బు తిరిగి రావడం తక్కువ. అన్ని విధాలా ఒకేలా ఉండే కవలల మూలుగ తీసుకున్నవారిలో ఎక్కువ. దాత మూలుగలోంచి టి కణాలను వడకట్టి తీసేసినా ఎక్కువే. అంటే దాతకూ రోగికీ ఉన్న తేడాయే మందు. ఆ తేడాయే విషం కూడా. దాత టి కణాలు చర్మాన్ని, పేగుల్ని, కాలేయాన్ని పరాయివిగా ఎంచి దాడిచేస్తే దాన్ని గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్ అంటారు. దాన్ని అణచడానికి మందులిస్తే అంటురోగాలకు తలుపు తెరిచినట్టే.

అయితే లుకేమియా లెక్కను లింఫోమాకు యథాతథంగా బదిలీ చేయడం కుదరదు. లింఫోమాలో చాలా రకాలకు ముందు ఆలోచించేది రోగి సొంత మూలకణాల మార్పిడి. కణాలు ముందే తీసి దాచి, గట్టి మోతాదులో కీమో ఇచ్చి, వాటిని తిరిగి ఎక్కించడం. 1995లో వెలువడ్డ పార్మా ప్రయోగంలో, తిరగబెట్టిన ఉధృత లింఫోమా రోగులను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీశారు. అయిదేళ్లకు బతికి ఉన్నవారు సొంత కణాల మార్పిడి వర్గంలో 53 శాతం, మామూలు కీమో వర్గంలో 32 శాతం.

మరి దాత కణాలెందుకు? 1991లో జాన్స్ హాప్కిన్స్ వారు, దాత మూలుగ తీసుకున్న లింఫోమా రోగుల్లో జబ్బు తిరిగి రావడం తక్కువని రాశారు. ఇక్కడ సందేహవాదికి పని ఉంది. దాత కణాలు లింఫోమా మీద దాడి చేయడం వల్ల తగ్గిందా, లేక సొంత కణాల సంచిలో నాలుగు కేన్సర్ కణాలు కూడా కలిసి తిరిగి ఒంట్లోకి పోతున్నాయా? తేల్చడానికి మంచి సాక్షులు కవలలే. వాళ్ల మూలుగలో కేన్సరూ ఉండదు, పరాయితనమూ ఉండదు. 2003లో అంతర్జాతీయ రిజిస్ట్రీ, యూరప్ రిజిస్ట్రీ కలిసి ఆ పోలిక చేశాయి. కవలల మూలుగ తీసుకున్నవారికీ, దాత మూలుగ తీసుకున్నవారికీ జబ్బు తిరిగి రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే, లింఫోమా మీద దాత కణాల దాడి అన్న పద్దు సస్పెన్స్ ఖాతాలోనే ఉండిపోయింది.

దానికి ఎదురు సాక్ష్యాలు కూడా ఉన్నాయి. 1990ల చివరికి, మూలుగను పూర్తిగా కాల్చేయకుండా తక్కువ మోతాదు మందులతో దాత కణాలను నిలబెట్టి, పని వాటికే వదిలేసే పద్ధతి వచ్చింది. దీనివల్ల వయసు మళ్లినవారికీ మార్పిడి సాధ్యమైంది. టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో ఇస్సా ఖౌరీ బృందం, తిరగబెట్టిన ఫాలిక్యులర్ లింఫోమా రోగులు 47 మంది ఫలితాలను 2008లో ప్రచురించింది. బతికి ఉన్నవారు 85 శాతం. మంచి అంకె. కానీ ఒక్క ఆసుపత్రిది, మందులకు లొంగుతున్న, నెమ్మదిగా పెరిగే రకానిది. మా తమ్ముడి రకానికి ఆ అంకె వర్తించదు.

వాడి రకం మీద అసలైన పరీక్ష ఫలితాలు వాడు పోయాక, 2021లో వచ్చాయి. జర్మనీ, ఫ్రాన్స్ తదితర దేశాల డాక్టర్లు టి కణాల లింఫోమా రోగులు 104 మందిని చీటీ పద్ధతిన సొంత కణాల వర్గంగా, దాత కణాల వర్గంగా విడదీశారు. జబ్బు లొంగి సొంత కణాల మార్పిడి దాకా వెళ్లిన 36 మందిలో 13 మందికి జబ్బు తిరిగొచ్చింది. దాత కణాలు తీసుకున్న 21 మందిలో ఒక్కరికీ తిరిగి రాలేదు. ఒక్కరికీ! ఇది ఎడమ గడి. ఇప్పుడు కుడి గడి చూడండి. సొంత కణాలు తీసుకున్నవారిలో మార్పిడి వల్ల ఎవరూ పోలేదు. దాత కణాలు తీసుకున్న మొత్తం 26 మందిలో 8 మంది మార్పిడి వల్లనే పోయారు. రెండు గడులూ కూడితే, మూడేళ్ల ఫలితంలో ఒక వర్గం మరొకదానికన్నా మెరుగని చెప్పేంత తేడా మిగల్లేదు. ఈ ప్రయోగం మొదటి విడత చికిత్సలో ఉన్నవారి మీద జరిగింది. తమ్ముడిది తిరగబెట్టిన జబ్బు. అలాంటివారికి దాత మార్పిడిని ఇప్పటికీ సూచిస్తారు. ఆ తేడా గుర్తుపెట్టుకుంటూనే, ఆ పత్రం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో జరిగిన కథ ఆ రెండు గడుల్లోనే ఉంది.

2016లో నాకు అయిదు రోజులు ఇంజక్షన్లు ఇచ్చారు. తర్వాత రక్తాన్ని యంత్రం గుండా తిప్పి మూలకణాలు వేరుచేశారు. సంచిలో చూస్తే పలచటి టమాటా చారు రంగులో ఉంది. ఒళ్లునొప్పులు తప్ప నాకేమీ కాలేదు. వాడి ఒంట్లో కణాలు కుదురుకున్నాయి. మూడో నెల స్కానులో లింఫోమా లేదు. పరీక్షలో రక్తకణాలన్నీ నావే. బి గ్రూపు వాడు మెల్లగా నా ఓ గ్రూపులోకి మారాడు. "అన్నయ్యా, ఇప్పుడు నా ఒంట్లో తిరిగేది నీ రక్తమే" అని నవ్వాడు. నాలుగో నెలలో ఒంటి మీద దద్దుర్లు, తర్వాత విరేచనాలు. నా కణాలు వాడి చర్మాన్ని, పేగుల్ని పరాయివనుకున్నాయి. స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆరో నెలలో ఊపిరితిత్తుల్లో ఫంగస్. ఏడో నెలలో పోయాడు. పోయేనాటికి ఒంట్లో లింఫోమా జాడ లేదు.

ఖర్చు గడి దాస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఈ చరిత్రలోనే మరొకటి ఉంది. 1990లలో అమెరికాలో, సొంత మూలకణాల మార్పిడితో రొమ్ము కేన్సర్‌కు గట్టి కీమో ఇవ్వడం వెల్లువలా సాగింది. రుజువు లేదని బీమా కంపెనీలంటే కోర్టులకెక్కారు. 1993లో కాలిఫోర్నియాలో ఒక జ్యూరీ రోగి కుటుంబానికి 8.9 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. వేలమంది స్త్రీలు ఆ చికిత్స చేయించుకున్నారు. చీటీ పద్ధతిన చేసిన ప్రయోగాలు 1999లో వరసగా వెల్లడైతే, గట్టి మేలు చూపించింది ఒక్కటే, దక్షిణాఫ్రికాకు చెందిన వెర్నర్ బెజ్వోడాది. 2000లో అమెరికా డాక్టర్లు జొహాన్నెస్‌బర్గ్ వెళ్లి రికార్డులు చూపించమన్నారు. అవి పొంతన లేవు. ఆయన తప్పు ఒప్పుకున్నాడు, ఉద్యోగం పోయింది. ఆ చికిత్స కూడా క్రమంగా మూలపడింది. ఒక ఆడిట్ బృందం చేసిన పని అది. ఆశ, కన్నీళ్లు, కోర్టు తీర్పు కలిసినా రుజువు కాలేవు.

మన దేశంలో తొలి మూలుగ మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. 1986లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మొదలుపెట్టింది. బయటి దాతల కోసం 2009లో చెన్నైలో దాత్రి రిజిస్ట్రీ వచ్చింది. సగం మాత్రమే కలిసే తల్లిదండ్రులు, పిల్లలు కూడా దాతలయ్యే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. బి కణాల లింఫోమాకు, రోగి సొంత టి కణాలనే మార్చి ఎక్కించే కార్-టి చికిత్స వచ్చాక దాత అవసరం కొంత తగ్గింది. ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన దేశీయ కార్-టికి 2023లో అనుమతి దొరికింది.

దీనితోపాటే "మూలకణాలు" అన్న మాట బోర్డుల మీదకెక్కింది. ఆటిజం నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నిటికీ స్టెమ్ సెల్ థెరపీ అంటారు. ఐ.సి.ఎం.ఆర్., బయోటెక్నాలజీ శాఖ 2017 మార్గదర్శకాల్లో, రక్త సంబంధమైన ఆమోదిత జబ్బులకు చేసే మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగ దశలోవేనని స్పష్టంగా రాశాయి. బిడ్డ సొంత భవిష్యత్తు అవసరానికి బొడ్డుతాడు రక్తం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదన్నాయి. అలాంటి చోట ఎవరైనా డబ్బు కట్టబోతుంటే ఒక్క ప్రశ్న అడగమనండి. "మీ 203 మంది పట్టిక ఏది?"

ఇక బాబాయి ప్రశ్న. సైన్సు ఏం చేసింది? బాబాయ్, వాడి జబ్బును తీసేసింది, వాణ్ణి నిలబెట్టలేకపోయింది. ఈ రెండూ జరగవచ్చని ముందే కాగితం మీద గీత గీసి చెప్పింది. ఆ గీతకు కుడి పక్క ఏముందో చెప్పగలిగింది, అంతకుముందు పోయినవాళ్లను లెక్కలోంచి కొట్టేయకుండా రాసి ఉంచినవాళ్లు ఉన్నారు కాబట్టి. మా తమ్ముడు కూడా ఆ లెక్కలో ఒక అంకె అయితే, తర్వాత వచ్చేవాడి డాక్టరు ఆ గీత ఇంకొంచెం కచ్చితంగా గీస్తాడు.

తప్పిదం సైన్సుది కాదు, నాది. కిందటేడు తమ్ముడి కూతురు ఇంటికి వచ్చినప్పుడు ఆ ఫోను సంగతి ఎత్తాను. తనకు గుర్తుంది. "మీరు ఆ రోజు రెండో సంగతి కూడా చెప్పుంటే, పరీక్షలని హాస్టల్లో ఉండిపోయేదాన్ని కాదు పెదనాన్నా. ఆ మూడు నెలలూ నాన్న దగ్గర ఉండేదాన్ని" అంది. కోపంగా అనలేదు. నా దగ్గర మళ్లీ జవాబు లేదు.

మంచి మాట చెప్పి ధైర్యం ఇచ్చాననుకున్నాను. తాయెత్తు కట్టే మనిషి కూడా అలాగే అనుకుంటాడు.